పేరు అంటించే పని

ఎనుమాముల మార్కెట్ వెనక రేకుల షెడ్డుల
మూడో లైను నాది.
బెల్టు మీద కారం పాకెట్లు నడిచొస్తయి
నోరు మూసుకొని, ముఖం లేకుండ.
నేను ముఖాలు పెడత.

పేర్లు విమానంల వస్తయి,
కొరియర్ డబ్బల, చుట్టలు చుట్టలుగ.
కారం మాత్రం ఓడల పోతది
నెలరోజులు, ఉప్పుగాలికి.

పొద్దుగాల దుబాయి చుట్ట:
కుడి నుంచి ఎడమకు పారే అక్షరాలు, ఒక ఎర్ర దర్వాజ.
పగటాల్ల జర్మనీ చుట్ట:
ఆకుపచ్చ కాయితం, గుండ్రటి ముద్రలు,
మూలకు తెల్లజుట్టు ముసలామె నవ్వుకుంట.
'మా అమ్మమ్మ చేతి కారం' అని రాసుందట కింద.
యాకమ్మ అడిగింది:
ఈమె ఎన్నడన్న మిరపకాయకు తొడిమ దీసిందా?
ఎవ్వలు నవ్వలే.
మాస్కుల కింద నవ్వితే తుమ్ములొస్తయి.

తొడిమలు దీసేది యాకమ్మ.
ఇరవై ఏండ్లాయె, వేళ్ల సందుల మంట ఆరలే.
కొబ్బరినూనె రాసుకొని పండుకుంటది,
కండ్లు తుడుసుకోను మోచెయ్యి వాడుతది.
ఆమె పేరుకు లేబుల్ మీద జాగ లేదు.
జాగంత బరువుకు, గడువు తేదీకి,
ఫలానోళ్ల కోసం ప్యాక్ చేసిందన్న
చీమతలకాయంత అక్షరాలకే సరిపోయింది.

నా మెడల కార్డు మీద గూడ కంపెనీ పేరు లేదు,
కాంట్రాక్టర్ పేరుంది.
ఫొటో నాదే.
ఇంటిపేరుల ఒక అక్షరం తప్పు.

కిందటి మంగళారం రాత్రి షిఫ్టుల
కరెంటు బోయింది.
వచ్చేసరికి ట్రాలీలు రెండు గుద్దుకొని
దుబాయి కుప్ప, జర్మనీ కుప్ప
లేబుల్ పడకముందే కలిసిపోయినయి.
సూపర్‌వైజర్ సదానందం తల పట్టుకున్నడు.
ఒకటి కిలో ఇంత, ఇంకోటి దానికి మూడింతలు,
ఏది ఏదో చెప్పుండ్రి తల్లీ!
ల్యాబు పిల్లగాడు గాజుపలక మీద పోసి చూసిండు,
రంగు లెక్క కట్టిండు, తేమ లెక్క కట్టిండు,
రెండు కాయితాలు చెరో చేత పట్టుకొని నిలబడ్డడు.
రెండిటి మీద ఒకటే అంకె.

ఆఖరుకు యాకమ్మను పిలిచిండ్రు.
ఆమె రెండు పాకెట్లు చింపి
చిటికెడంత నాలుక మీద ఏసుకొని కండ్లు మూసింది.
ఊపిరి బట్టినం అందరం.
'గిది చపాట. నల్లబెల్లి దిక్కుది.
మొదటి ఏరుడు.
కళ్లంల ఉండంగ ఒక జల్లు పడ్డది,
మళ్ల ఎండబోసిండ్రు.'
'మరి గది?'
'గదీ గదే.'

తెల్లారెదాక అంటించినం.
ఎట్ల పంచిండ్రని ఎవ్వలన్న అడిగితే చెప్త:
గోడకు దగ్గరున్నయి జర్మనీకి,
తలుపుకు దగ్గరున్నయి దుబాయికి.
నా కూలిల రెండొందల యాబై కోత బడ్డది.
కారణం అన్న గడిల 'పొరపాటు' అని రాసిండ్రు.
ఏ పొరపాటో రాయలే.

ఇంటికొచ్చి రెండుసార్లు తానం చేసిన, మంట పోలే.
పొయ్యి మీద వంకాయ ఉడుకుతాంది,
చూడకుండనే గూటిలకు చెయ్యి పెట్టిన.
మా ఇంట్ల కారం హార్లిక్స్ సీసాల ఉంటది,
పసుపు ముఖం పౌడరు డబ్బల,
చింతపండు ఎవ్వలిదో పెండ్లి మిఠాయి పెట్టెల.
పేర్లన్ని అబద్ధమే.
అయినా ఇన్నేండ్లల, కరెంటు లేని రాత్రి గూడ,
తప్పు సీసా మీద చెయ్యి పడలే.

మా చిన్నపిల్ల ఒక్కతే మోసపోయింది, ఒకేసారి.
చెంచానిండ నోట్లె పోసుకొని
ఊరంత ఇనబడేటట్టు ఏడ్చింది.
అప్పుడే బడికి బోయి
చదువ నేర్చిన ఏడు.